పంపే ముందు

ఆమెకు ఒక్కటే భయం. తన చదువు ఏడో తరగతిలో ఆగిపోయినట్టు, కూతురి చదువు కూడా ఎక్కడో ఒకచోట ఆగిపోతుందేమోనని.

బల్లికి భయపడదు. ఉరుముకి భయపడదు. ఇంటి ఓనరుకి కూడా భయపడదు. స్కూలు నుంచి ఫోనొస్తే మాత్రం చేతిలో సూది జారిపోతుంది.

కూతురు ఒక్కగానొక్కది. ఐదో తరగతి. ఒకచోట కాలు నిలవదు కాబట్టి ఇంట్లో పిచ్చుక అంటారు.

ఈ ఏడు స్కూల్లో కొత్త పద్ధతి పెట్టారు. వారానికి మూడు రోజులు క్లాసులో పాఠం. మంగళ, గురువారాలు ఇంట్లోనే ఫోనులో పాఠం. ఫోను పాఠం అవగానే పది ప్రశ్నల పరీక్ష. పిల్ల జవాబులు నొక్కాక, తల్లో తండ్రో ఒకసారి చూసి 'పంపు' అన్నచోట నొక్కాలి. మార్కులు ఫోనులో కనబడవు. పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు పోల్చుకుని ఏడవకూడదట. ఆరు నెలలయ్యాక క్లాసు మార్కులూ ఫోను మార్కులూ కలుపుతారు. తక్కువ వచ్చినవాళ్ళని కింది సెక్షన్‌లో వేసి, పాఠాలన్నీ మళ్ళీ మొదటినుంచి చెబుతారు.

'మళ్ళీ మొదటినుంచి' అన్న మాట విన్నప్పట్నించీ ఆమెకు అన్నం సహించడం లేదు. తనకూ అలాగే మొదలైంది. ముందు వెనక బెంచీ. తర్వాత కింది సెక్షన్. ఆ తర్వాత ఇల్లు.

"అయిపోయిందమ్మా!" పిచ్చుక ఫోను తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

ఆమె చొక్కాకు కాజా కుడుతున్నదల్లా ఆగింది. "ఏంటే అయిపోయింది? ఇప్పుడేగా కూర్చున్నావ్!"

"పదీ అయిపోయాయి. పంపెయ్."

"ఐదు నిమిషాల్లో పది ప్రశ్నలా? చదివి నొక్కావా, వేలు ఎక్కడ పడితే అక్కడ నొక్కావా?"

"చదివే నొక్కానే తల్లీ!" అచ్చం తల్లిలాగే నెత్తి కొట్టుకుని, వీధిలోకి తుర్రుమంది.

ఇంత తొందరగా ముగించే పిల్లకు చదువేం వస్తుంది? ఆమె తలుపు గడియ పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

మొదటి ప్రశ్న దగ్గరే ఆమెకు తప్పు కనబడింది. సాలీడుకు ఎన్ని కాళ్ళు? పిచ్చుక ఎనిమిది నొక్కింది.

పురుగుకి ఆరు కాళ్ళని తను బట్టీ పట్టిన పాఠమే. సారు చేత మొట్టికాయ తిని మరీ నేర్చుకుంది. అంత ఖరీదైన చదువు ఊరికే పోతుందా? ఎనిమిది తీసేసి ఆరు నొక్కింది.

తర్వాత భిన్నాలు. వేళ్ళు చాలలేదు. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసుకుని నేల మీద లెక్కలు వేసింది. ఒక లెక్క గుమ్మం దాకా వెళ్ళింది. దాన్ని తుడిచి మళ్ళీ వేసింది. ముప్పావు గంట తర్వాత, ఏడు జవాబులు మార్చి, కళ్ళు మూసుకుని 'పంపు' నొక్కింది.

ఒక మంగళవారం తప్పలేదు, ఒక గురువారం తప్పలేదు. జ్వరమొచ్చినా తప్పలేదు. పిచ్చుకకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు. తెలిస్తే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది.

"ఫోను పరీక్షల గురించి నాకు బెంగ లేదండీ," అంది ఒకనాడు భర్తతో. "అవి నేను చూసుకుంటున్నాను. క్లాసులో పెట్టేవాటితోనే వచ్చింది చిక్కు. అక్కడ నేనుండనుగా!"

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. బూట్లు విప్పుతూ నవ్వాడు. "పోనీ, రేపట్నించి యూనిఫాం వేసుకుని నువ్వే వెళ్ళు. జడలు నేనేస్తా."

"మీకేం! లిఫ్టు ఆగితే మీరు వెళ్ళి బాగుచేస్తారు. చదువు ఆగితే ఎవరొస్తారు బాగుచెయ్యడానికి?"

ఆయన రెండో బూటు విప్పడం మర్చిపోయాడు.

ఆరు నెలలు అయ్యాయి. స్కూలు నుంచి పిలుపొచ్చింది.

ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పిచ్చుక రెండేసి మెట్లు గెంతుతోంది. గది బయట ఇద్దరు తల్లులు ముక్కు చీదుకుంటూ ఎదురొచ్చారు. ఆమె పిచ్చుక చెయ్యి గట్టిగా పట్టుకుంది.

టీచరు కళ్ళజోడు సర్దుకుని, పిచ్చుకనీ ఆమెనీ మార్చి మార్చి చూసింది.

"ఫోను పాఠాలప్పుడు ఇంట్లో మీరుంటారా అమ్మా?"

"ఉంటానండీ. పక్కనే ఉంటాను. కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తాను."

"పంపేది కూడా మీరేనా?"

"నేనేనండీ. ఇంకెవరినీ ముట్టుకోనివ్వను."

"అదే నాకూ అర్థం కావడం లేదు," అంది టీచరు. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. కార్డు మడిచి చేతిలో పెట్టింది. "అంతా రాశాను. తీరిగ్గా చదువుకోండి."

ఆమె వరండాలో గోడకు ఆనుకుంది. కార్డు విప్పింది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

'మీ అమ్మాయి పై సెక్షన్‌లోనే కొనసాగుతుంది.'

కళ్ళు చెమర్చాయి. కూతురిని దగ్గరికి లాక్కుని నడినెత్తిన ముద్దు పెట్టుకుంది. సుద్దముక్కలు అరిగిపోయేలా పడిన కష్టం ఊరికే పోలేదు!

"వదలవే అమ్మా, అందరూ చూస్తున్నారు!" అంది పిచ్చుక.

ఆమె కళ్ళు తుడుచుకుని, కింద చిన్న అక్షరాలతో ఉన్న మిగతా వాక్యం కూడా చదివింది.

'క్లాసులో పెట్టిన ప్రతి పరీక్షలోనూ మీ అమ్మాయే ఫస్టు, ఇంటి నుంచి వచ్చేవాటిలో మాత్రం పదికి మూడు దాటడం లేదు కాబట్టి ఆ మార్కులు మేం కలపలేదు. పంపే ముందు ఫోను ఇంట్లో ఎవరో చంటిపిల్లాడి చేతిలో పడుతున్నట్టుంది, దయచేసి వాడి మీద ఒక కన్నేసి ఉంచండి.'