ముందు నువ్వు

నడిరోడ్డు మీద డ్రైవర్ లేకుండా నడిచే వ్యాను భీష్మించుకుని నిలబడింది. దాని ముందు, గాల్లో, డ్రోన్ కూడా ఆగిపోయింది.

"నెట్‌వర్క్ పోయిందా?" వ్యాను దిగి, రోడ్డు పక్కన రిమోట్‌తో డ్రోన్ నడుపుతున్న భార్యను అడిగాడు ఇంజినీరు. పొద్దుటి పోట్లాట తర్వాత ఇదే మొదటి మాట.

"నిక్షేపంలా ఉంది," రిమోట్ మీంచి తలెత్తకుండా అంది ఆమె.

సెల్ టవర్ సిగ్నల్లోనే సాఫ్ట్‌వేర్‌తో తమకంటూ ఓ వాటా విడదీసి, డ్రోన్ పైనుంచి చూసిందల్లా వ్యానుకి చేరేలా ఇద్దరూ కలిసి కట్టిన నెట్‌వర్క్ అది. కాసేపట్లో పెద్దసారు చూడ్డానికొస్తాడు.

అతను రోడ్డు వైపు చూశాడు. "నీ డ్రోన్ నీడే! దాన్ని గొయ్యి అనుకుని ఆగింది వ్యాను."

"వ్యాను కదిలితేగానీ డ్రోన్ కదలదు. అలా ప్రోగ్రాం రాసింది మీరే. మీరే కదిలించుకోండి."

"అంటే అది కదలాలని ఇది, ఇది కదలాలని అది..."

"మరే. 'ముందు నువ్వు' అంటే 'ముందు నువ్వు' అని."

అతనికి నవ్వొచ్చేసింది. "రెంటికీ మన పోలికే వచ్చిందే!"

ఆమె మూతి బిగించింది కానీ నవ్వు దాగలేదు.

"సరే, పొద్దున తప్పు నాదే," అన్నాడతను.

రిమోట్ మీద ఆమె వేలు కాస్త కదిలింది. డ్రోన్ పక్కకి తప్పుకుంది, దాంతో నీడా తప్పుకుంది.

"ఆ మాటేదో వ్యాన్లో కూర్చుని చెప్పొచ్చుగా!" అంటూ ఆమె పరుగందుకుంది.

ఖాళీ వ్యాను అప్పటికే మలుపు తిరుగుతోంది.