బొంబాయి భర్తీ

మైక్రోస్కోపు గది తలుపు మళ్లీ మూసుకుంది. లోపల పెద్ద డాక్టరు దేవస్కర్, ఆయన పక్కన కాశయ్య. బయట వరండాలో రామనర్సయ్యకు ఒళ్లు కుతకుత ఉడికిపోతోంది.

"ఏం జేస్తున్నరు లోపల?" అని ఆయా సారలమ్మను అడిగాడు.

"నాకేమెరుక సారూ? గాజుపలక చూసుకుంట గుసగుసలాడుతున్రు. మీరొస్తే ముందే చెప్పమన్నరు."

"చెప్పమన్నరా! నా కంట పడకుండ దాచేటంత విద్యనా అది?"

జగదల్‌పూర్‌లోని ఆ ఆసుపత్రిలో కోత వైద్యం నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్లు వీళ్లిద్దరే. దేవస్కర్‌ది మొదటినుంచీ ఒకటే పట్టు. "రాచపుండును కోసి పారేస్తే సరిపోదు. అది ఎందుకు పుట్టిందో వెతికేవాడు నాకు కావాలి" అనేవాడు తన నాగపూర్ హిందీలో. అందుకే పొద్దున కత్తి, మధ్యాహ్నం మైక్రోస్కోపు. ఇద్దరిలో గట్టివాణ్ణి పరిశోధన నేర్చుకోవడానికి బొంబాయి కేన్సర్ ఆసుపత్రికి పంపిస్తానని మాటిచ్చాడు. అది విన్న రోజునుంచి రామనర్సయ్యకు బొంబాయి తప్ప మరో ఊరు గుర్తుకురావడం లేదు.

నిజం చెప్పొద్దూ, వానాకాలం దాకా పెద్దాయనకు రామనర్సయ్యే ముద్దు. రామనర్సయ్య దవడ పన్ను సలుపుతోందంటే పెద్దాయన తన చేత్తోనే పీకి, పక్కనున్న పుండును కూడా గీకి శుభ్రం చేశాడు. ఆ భాగ్యం కాశయ్యకు ఎప్పుడైనా దక్కిందా? ఆ తర్వాతే ఏం మాయ జరిగిందో, గాలి మారిపోయింది. మధ్యాహ్నం కాగానే "వార్డులో కొత్త రోగులొచ్చారు, మంచాలిచ్చి భర్తీ చేసుకో పో" అని రామనర్సయ్యను అటు తోలడం, కాశయ్యను గదిలోకి పిలవడం. నిన్నగాక మొన్న కోంటా నుంచి వచ్చినవాడు! అన్నా అన్నా అంటూనే తడిగుడ్డతో గొంతు కోశాడు!

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటున్న కాశయ్యను పట్టుకుని నిలదీశాడు.

"పెద్దసారుకు ఏం మందు పెట్టినవురా?"

"ఏందన్నా ఆ మాట?"

"తెల్వనట్టు మాట్లాడకు. ఆ పలక మీద ఏమున్నది?"

"ఎవ్వరికీ చెప్పొద్దన్నరన్నా."

"నేను ఎవ్వరిలో ఒకణ్ణా? నేను చూస్తే అరిగిపోతదా ఏంది?"

కాశయ్య తల ఎత్తలేదు. దొంగకు ముఖం ఎక్కడినుంచి వస్తుంది అనుకున్నాడు రామనర్సయ్య. అసూయ పట్టినవాడికి ఎదుటివాడు నిలబడినా తప్పే, కూర్చున్నా తప్పే.

ఇక తేలిపోవాల్సిందేనని నేరుగా దేవస్కర్ బంగళాకు వెళ్లాడు.

"సాబ్, మమ్మల్ని ఊరించింది చాలు. బొంబాయికి ఎవరిని పంపుతున్నారు?"

పెద్దాయన చేతిలోని చుట్ట పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్న కుర్చీ అతని వైపు జరిపాడు.

"నిన్నే" అన్నాడు చివరికి. "బొంబాయిలో నీ భర్తీ అయిపోయింది. సోమవారం మోటారు బస్సుకు బయలుదేరాలి. కూర్చో, నీతో కొంచెం..."

రామనర్సయ్య వింటేగా! కాళ్లకు దండం పెట్టి ఒక్క ఉదుటున బయటపడ్డాడు. ఆ రెండు రోజులూ ఆసుపత్రిలో అతని కాళ్లు నేల మీద ఆనలేదు. కనబడినవాళ్లందరికీ "బొంబాయి భర్తీ" అని చెప్పుకున్నాడు. కాశయ్య ముఖం పీక్కుపోయి ఉండటం చూస్తే ఇంకా హాయిగా అనిపించింది. పాపం అనిపించలేదా అంటే, లేదు.

సోమవారం రాయపూరు మోటారు దగ్గరికి కాశయ్య వచ్చాడు.

"సాగనంపనీకొచ్చినవా?" అన్నాడు రామనర్సయ్య, కొత్త కోటు సర్దుకుంటూ. "ఇగ మైక్రోస్కోపు నువ్వే ఏలుకో తమ్మీ."

"సాగనంపనీకి కాదన్నా. నేనూ వస్తున్న."

రామనర్సయ్య అతని దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వా! ఒక్కనికే గదా చోటు? పెద్దసారు కాళ్లు పట్టుకొని నువ్వు సుత భర్తీ అయినవా?"

"లేదన్నా. భర్తీ నీ ఒక్కనికే." కాశయ్య వంగి రామనర్సయ్య పరుపుచుట్టను తన భుజానికెత్తుకున్నాడు.

"మరి నువ్వెందుకు?"

"రోగి వెంట ఒక మనిషి ఉండాలె గదన్నా."