రోడ్డు దాటించే మనిషి

ఎమ్మెల్యే కారు ఆగిపోయింది.

ఆత్మకూరు శివార్లలో, నెల్లూరు రోడ్డు మలుపులో, ఎర్ర తువ్వాలు ఎత్తి పట్టుకుని ఒక పెద్దాయన దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనక కర్ర పట్టుకున్న అవ్వ ఒకామె నిదానంగా రోడ్డు దాటుతోంది.

ఆమె అవతలికి చేరాకే ఆయన పక్కకు తప్పుకున్నాడు.

ఎదురుగా ఉన్న చర్చిలో ఆ రోజు కొత్త హాలు ప్రారంభం. ఐదువేల కుర్చీలు, మూడు పెద్ద తెరలు, ఆదివారానికి మూడు ఆరాధనలు. ఉదయగిరి నుంచి, సంగం నుంచి కూడా జనం బస్సుల్లో వస్తారు. ఎన్నికలప్పుడు అన్ని పార్టీల వాళ్ళూ వచ్చి ప్రార్థన చేయించుకుని పోతారు.

పార్కింగు చూసే నాగరాజు పరుగున వచ్చాడు.

“ఏంది పెద్దాయనా, ఎమ్మెల్యే కారునే ఆపుతావా?”

“అవ్వ సగం రోడ్డులో ఉండాది నాయనా.”

“నువ్వు మా చర్చి మనిషివేనా?”

“కాదు.”

పెద్దాయన నుదుటి మీద కుంకుమ బొట్టు చెమటకు కారుతోంది.

“మరి ఎవరు పెట్టినారు నిన్నిక్కడ?”

“ఎవురూ పెట్టలేదు.”

“అయితే వచ్చే వారం నుంచి రావద్దు. మా వాలంటీర్లు ఉంటారు. యూనిఫారాలు కూడా కుట్టించినాం.”

పెద్దాయన మలుపు వైపు చూశాడు.

“మూడో ఆరాధన విడిచినాక కూడా ఉంటారా? ఆకలి మీద ఎవురూ అటూ ఇటూ చూడరు.”

“ఉంటారు.”

“ఖాయంగానా?”

“చెప్తున్నా గదా.”

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

వాలంటీర్లు రెండు వారాలు రోడ్డు మీద నిలబడ్డారు. కార్లు ఎక్కువయ్యాయి. మూడో వారం నాగరాజే వాళ్ళను పార్కింగులోకి పిలిపించుకున్నాడు.

ఐదో వారం, మూడో ఆరాధన విడిచాక, కూలిపని చేసుకునే వెంగమ్మను బైకు గుద్దింది. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రికి వెళ్ళిన నాగరాజును ఆమె ఒక్కటే అడిగింది.

“ఆ తువ్వాలాయన ఏమైనాడు అబ్బయా? చెయ్యి పట్టుకుని దాటించేవోడు.”

మలుపులో టీ కొట్టు కామమ్మకు ఆయన సంగతి తెలుసు.

“మాల్యాద్రి. సీతారామపురం అవతల పల్లె. ఆదివారం ఆదివారం తొలి బస్సుకు దిగేవోడు. సాయంత్రం దాకా నా టీ తప్ప ఏమీ ముట్టడు. ఆరేళ్ళు, వానొచ్చినా ఆగలా.”

మర్నాడు నాగరాజు బైకు మీద ఆ పల్లెకు పోయాడు. మాల్యాద్రి భార్య రామలక్ష్మమ్మ ఇంటి ముందు మేకలకు ఆకు వేస్తోంది.

“పెద్దాయన ఉండాడా అమ్మా?”

“పోయినాడయ్యా. ఇరవై రోజులాయె. నిద్రలోనే.”

నాగరాజు అరుగు మీద కూర్చుండిపోయాడు.

“నువ్వు చర్చి అబ్బాయివా? మా వాళ్ళు నిలబడతారని మాటిచ్చింది నువ్వేనా?”

“నేనే.”

“ఆ మాటే చెప్పుకుని సంబరపడినాడు. ఆదివారం పూట ఇంటి పట్టునుండి కడుపు నిండా తినింది అప్పుడే.”

వెంగమ్మ సంగతి చెప్పబోయి నాగరాజు ఆగిపోయాడు.

“మీ వాళ్ళెవరన్నా మా చర్చికి వస్తారా అమ్మా?”

“ఎవురూ రారు.”

“మరి ఆరేళ్ళు ఎందుకు నిలబడినాడు?”

ఆమె చేతిలోని కొమ్మ మేకల ముందు పడేసింది.

“ఆ మలుపులో మీ చర్చి నుంచి వస్తా ఒక పసిబిడ్డ లారీ కింద పడి చనిపోయిందయ్యా. ఆ లారీ తోలింది మా ఆయనే.”