ఆదివారం లారీ

"నాలుగింటికి వంతెన మూసేస్తారు. ఈలోగా లారీ అవతల ఉండాలి. లేదంటే రేపట్నుంచి నువ్వు ఇంట్లోనే కూర్చో," అన్నాడు బట్టల ఫ్యాక్టరీ మేనేజరు విట్‌కాంబ్.

ఎలీసియో తలూపాడు. తలూపడం తప్ప ఇంకేం చెయ్యగలడు? పొద్దున్నే చర్చికి బయల్దేరుతుంటే ఇంటి ముందు కారాపి ఎక్కించుకున్నాడు మేనేజరు. పని మీద ధ్యాసుండాలంటూ అతని ఫోను లాక్కుని కారు అరలో పడేశాడు. అప్పట్నుంచీ పక్కనుంచి కదిలితే ఒట్టు.

వంతెనకి అవతల అమెరికా, ఇవతల మెక్సికో. ఇవతలి ఊరు రెయినోసాలో అమెరికా కంపెనీలకి ఎగుమతి కాగితాలు రాసే గుమాస్తాలు బోలెడుమంది. వాళ్ళలో ఎలీసియోకి మంచి పేరుంది. అతని కాగితంలో తప్పుందంటే కస్టమ్స్ వాళ్ళే నమ్మరు. అలాంటిది ఇవాళ దొరికింది.

"లారీ సీలు మీద చివరి అంకె ఏడు. మీ పత్రంలో ఒకటి," అంది కస్టమ్స్ అధికారి సొకొర్రో. "ఏంటి దోన్ ఎలీసియో, కళ్ళజోడు మార్చే వయసొచ్చేసిందా?"

"పొరపాటైపోయింది మేడం. మళ్ళీ మొదట్నుంచీ రాయాలేమో," అన్నాడు ఎలీసియో నీళ్ళు నములుతూ.

విట్‌కాంబ్ ఎగిరిపడ్డాడు. అతనికి ఈ కస్టమ్స్ గేటంటేనే హడలు. ఒకప్పుడు ఇలాంటి ఒక్క అంకె కోసం ఇక్కడే రోజుల తరబడి పడిగాపులు కాశాడు. ఒక కిటికీలో ముద్ర, ఇంకో కిటికీలో సంతకం, ముద్ర వేసే ఆయన భోజనానికెళ్తే ఆ పూటకి సరి. విదేశీ కంపెనీల సమావేశాల్లో ఆ గోడు వెళ్ళబోసుకోని సారి లేదు.

"ఆ రోజులు పోయాయి సార్," అని నవ్వింది సొకొర్రో. చేతిలో ఉన్న ట్యాబు మీద వేలు ఆడించింది. "ఇదిగో, దిద్దేశాను. పదండి."

విట్‌కాంబ్ నోరు తెరుచుకుంది. "చూశావా? సంస్కరణంటే ఇదీ!" అని ఎలీసియో వీపు మీద ఒక్కటి చరిచాడు.

నాలుగడుగులు వేశాక ఎలీసియో ఆగిపోయాడు. "సార్, అసలు ఇన్‌వాయిసు ఆఫీసులో మర్చిపోయాను. టాక్సీలో వెళ్ళి తెచ్చేస్తాను."

"అక్కర్లేదు," అంది సొకొర్రో వెనక నుంచి. "మీరు పంపిన నకలు కంప్యూటర్లో ఉందిగా. అసలువి అడగడం ఎప్పుడో మానేశాం, మీకు తెలియందా?"

విట్‌కాంబ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇవాళ నీకేమైంది? బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?"

"ఒంట్లో బాగోలేదు సార్."

అది అబద్ధం కాదు. ముచ్చెమటలు పోస్తున్నాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అటు పోవడానికి లేదు, ఇటు పోవడానికి లేదు.

విట్‌కాంబ్ గొంతు మెత్తబడింది. "కాస్త ఓపిక పట్టు. బండి దాటిందంటే నీకు అవతల ఆఫీసులో ఉద్యోగం. వీసా, ఇల్లు, అన్నీ నేను చూసుకుంటా. మాటంటే మాటే."

ఈ ఊళ్ళో ఎంతమందికి పడుతుంది ఆ అదృష్టం?

లారీ వరసలో ముందుకి జరిగింది. ఎలీసియో పాత నేస్తం, డ్రైవరు మెలితోన్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏం కొంపాద్రే, పెళ్ళాం కానుపు గది బయట నిలబడ్డట్టు ఆ మొహమేంటి? నాకు సీలేసిన బండి అప్పజెప్పారు, లోపలేం కుక్కారో గానీ ఇది కదలనని ఒకటే మొండికేస్తోంది!"

ఎలీసియో నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇక మిగిలింది దీపం. పచ్చది వెలిగితే తిన్నగా వంతెన మీదికి. ఎర్రది వెలిగితే సోదా. సరుకంతా దింపి చూస్తారు, ఇవాళ్టికి అంతే సంగతులు. చాలా బళ్ళకి పచ్చే పడుతుంది. దేనికి ఏది పడాలో కంప్యూటరు ఇష్టం. ఎన్ని సంస్కరణలొచ్చినా ఆ దీపానికి సిఫార్సు చేయించగల మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.

ముందున్న బండికి పచ్చ. దాని వెనకదానికీ పచ్చ.

ఎలీసియో మెడలోని మరియమ్మ తల్లి బిళ్ళని గుప్పిట్లో బిగించి కళ్ళు మూసుకున్నాడు. తల్లీ, ఈ ఒక్కసారికి నా మాట విను. పక్కన విట్‌కాంబ్ కూడా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

ఎర్ర దీపం వెలిగింది.

విట్‌కాంబ్ తన భాషలో బండబూతులు లంకించుకున్నాడు. సొకొర్రో వెంటపడ్డాడు. "రేపటిదాకా ఆగడం కుదరదు! ఇవాళే దాటాలి!"

"దీపం పడ్డాక నా చేతుల్లో ఏం లేదు సార్. పొద్దున్నే మొదటి బండి మీదే చూస్తాం," అంటూ ఆమె ఆఫీసులోకి నడిచింది. అతనూ బతిమాలుకుంటూ లోపలికి పోయాడు.

ఎలీసియో లారీ మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మెలితోన్ కిందికి దిగి భుజం మీద చెయ్యేశాడు. "ఊరుకో కొంపాద్రే. ఇదొక్కటేనా ఉద్యోగం? ఈ ఊళ్ళో ఇలాంటి దొరలు వీధికి పదిమంది."

"ఒకసారి నీ ఫోనివ్వు," అన్నాడు ఎలీసియో కళ్ళు తుడుచుకుంటూ. "ఇంటికి చెప్పాలి."

అవతల భార్య అంపారో ఎత్తింది. "పొద్దుననగా పోయినవాడివి, ఎక్కడ చచ్చావయ్యా? పులుసు చల్లారిపోతోంది."

ఎలీసియో ఆఫీసు తలుపు వైపు ఒక్కసారి చూసి గొంతు తగ్గించాడు.

"పులుసు సంగతి తర్వాత, ముందు నీతోపాటు కుట్టే ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని వంతెన గేటుకి పరుగెత్తుకురా, ఆదివారం మీరెవరూ లేరు కదాని దొర ఫ్యాక్టరీకి తాళమేసి దాటించేస్తున్న మీ కుట్టుమిషన్లన్నీ ఇంకా మన ఒడ్డునే ఉన్నాయి!"