ఆరో గిన్నె

"ఇంకొక్కటి తాగు, తల్లీ!" అంటూ దుల్మా ఆరోసారి గొర్రెమాంసం చారు నింపింది.

సెలవులకు జపాన్ నుంచి మంగోలియా వచ్చి వాళ్ల గుడారంలో దిగిన హిసాకోకి పొద్దుటినుంచీ కడుపులో కత్తులు దిగుతున్నాయి. మిగిలిస్తే ఇంటివాళ్లను అవమానించినట్టేనని కళ్లు మూసుకుని తాగేసింది. దుల్మా మళ్లీ గరిటె ఎత్తి గిన్నె నింపింది.

"మన కోడళ్లకంటే ఈ పిల్లే నయం!" నవ్వాడు దుల్మా భర్త గాన్‌హుయాగ్.

హిసాకో చేతిలోంచి గిన్నె జారిపోయింది. "అత్తా, చచ్చిపోతున్నా..."

"మరి ఖాళీ చేశావేమే? ఖాళీ గిన్నె కనబడితే ఇంకా ఆకలనుకుంటాం! కాస్త మిగిల్చి ఉంటే ఆపేసేదాన్ని కదే!"

గాన్‌హుయాగ్ జీపు తీశాడు. ఆసుపత్రి మూడు గంటల దూరం. దుల్మా ఒడిలో ముడుచుకుని, "చారు ఒలకబోశాను, క్షమించండి," అంది హిసాకో పళ్లు బిగించి.

"చాల్లే నీ మర్యాద! ఎంత నొప్పో అరిచి చెప్పు!"

హిసాకో గొంతు చించుకుని అరిచింది. జీపు వేగం పెరిగింది.