రెండు తెల్ల పలకలు

బట్టల మిల్లు గేటు దగ్గర కాపలాదారు ఆ పెద్దాయన సంచి మొత్తం ఖాళీ చేయించాడు.

మెత్తటి గుడ్డలో చుట్టిన పన్నెండు రంగు బిళ్లలు, ఒక కరెంటు దీపం, ఆకులో కట్టిన రెండు మొక్కజొన్న కెంకే ముద్దలు బయటపడ్డాయి.

"బిళ్లలు ఆడుకోడానికా, తాతా?"

"ఆడుకోడానికే. ఓడిపోతే మీ మేనేజరు నన్ను తంతాడు," అన్నాడు గెర్షన్ అగ్బెకో.

ఆయన పని, రంగు కొలిచే పాత యంత్రాలను ఆ బిళ్లలతో సరిచేసి, బాగున్నాయని పత్రం రాసివ్వడం.

పరీక్షల గదిలో రంగులు కొలిచే ఎన్యోనం ఆయన కోసమే ఎదురుచూస్తోంది. ఆమె ఈ మిల్లుకు వచ్చి ఆరు నెలలయింది. కడుపులో బిడ్డకు ఏడో నెల.

కుమాసి పట్నం నుంచి నాలుగు వేల గజాల ఎర్ర బట్ట వెనక్కి వచ్చింది. చావింట కట్టుకునే ఎరుపు ఇటుక రంగులో ఉంటే శవం దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వుకున్నారట.

మేనేజరు క్వాషిగా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"సాయంత్రానికి నాకొక పేరు కావాలి. తప్పు, రంగు కలిపిన అబ్లావిదా, కొలిచిన ఈవిడదా? ఎవరిదైతే వాళ్లు ఇంటికి. యంత్రానిదైతే దాన్ని తుక్కులో పడేసి ఈ గదికి తాళం వేస్తాను."

అతని వెనకే వచ్చిన అబ్లావి చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. "ఇది ఎరుపు కాదని నా కళ్లు చెప్పాయి, అయ్యా. యంత్రం ఎరుపేనంది. నా కళ్లకు సర్టిఫికెట్టు లేదు కదా," అందామె.

మేనేజరూ అబ్లావీ వెళ్లాక అగ్బెకో పని మొదలుపెట్టాడు.

గదిలో రెండు పాత యంత్రాలున్నాయి. ఒక్కొక్క దానికీ తనదైన తెల్ల పలక, విడి పెట్టెలో ఉంది. రోజూ పొద్దున దాన్ని చూపించి, తెలుపంటే ఇదీ అని యంత్రానికి గుర్తు చేయాలి. ఆ తర్వాతే అది ఏ రంగైనా కొలుస్తుంది.

ఆయన రెండు పలకలూ వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు.

"వీటిని ఎవరు కడుగుతారమ్మా?"

"నేనే. హర్మటాన్ గాలుల దుమ్ము పట్టేసిందని జనవరిలో రెండూ కలిపి కడిగి ఎండబెట్టాను. కడక్కూడదా?"

"శుభ్రం చేయడం తప్పెలా అవుతుంది?"

పలకలు బల్లమీద పెడుతూ అడిగాడు. "మీ ఆయన ఏం చేస్తాడు?"

"పని వెతుక్కుంటానని లాగోస్ వెళ్లాడు. మొదట్లో ఫోన్ చేసేవాడు."

సంచిలోంచి ఒక కెంకే తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బయట నీడలో కూర్చుని తిను. దీపం వేడెక్కాలి, నాకు రెండు మూడు గంటలు పడుతుంది. ఇక్కడే నిలబడి నువ్వు చేసేదేమీ లేదు."

ఆమె తిరిగి వచ్చేసరికి యంత్రాలు రెండూ ఎరుపును ఎరుపంటున్నాయి. వెనక్కి వచ్చిన బట్టను చూపిస్తే కాదంటున్నాయి.

సాయంత్రం మేనేజరు వచ్చి, అగ్బెకో రాసిన పత్రం పైకి చదివాడు.

'యంత్రాలు మంచివి. రంగు కలిపినవారి తప్పు లేదు. కొలిచినవారి తప్పు లేదు. పోయినేడు వీటిని సరిచేసిన మా ఉద్యోగి పొరపాటు మెల్లగా పెరిగి ఇప్పుడు బయటపడింది.'

"ఎవడు వాడు?"

"మా ఆఫీసుకు తెలుసండి. ఒక ఉత్తరం రాస్తే వాళ్లే చూసుకుంటారు."

ఎన్యోనం అప్పటిదాకా పట్టి ఉంచిన భయమంతా కోపంగా మారింది.

"వాడి మూలంగా మా ఇద్దరిలో ఒకరి అన్నం పోయేది. అలాంటివాణ్ణి ఇంకా ఎందుకు పెట్టుకున్నారు మీవాళ్లు?"

"ముసలాడైపోయాడు. ఇంటికి పంపాల్సిందే," అన్నాడు అగ్బెకో, బిళ్లలను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటూ.

ఉత్తరం రాసే పని మేనేజరు ఆమెకే అప్పగించాడు. చూపు ఆనని ముసలివాళ్లచేత ఇలాంటి పనులు చేయించవద్దని ఆమె గట్టిగానే రాసింది.

ఏడాది గడిచింది.

బిడ్డ అబ్లావి వీపున నిద్రపోతుండగా, ఈసారి ఫాఫాలి అనే అమ్మాయి సంచి పట్టుకుని వచ్చింది.

"అగ్బెకోగారు రాలేదే?" అడిగింది ఎన్యోనం.

"ఆయన లేరక్కా. ఏదో మిల్లునుంచి ఉత్తరం వచ్చిందని పోయిన ఏప్రిల్లో మానిపించారు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదట. ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పని. ఇంట్లో కూర్చోలేకపోయారు. వానల్లో పోయారు."

"ఏ మిల్లు?"

"ఆయన ఎవరికీ చెప్పలేదు. పని నేర్చుకొమ్మని తన పుస్తకం మాత్రం నాకిచ్చారు. ఏ మిల్లులో ఏం చూశారో, ఏం చేశారో అన్నీ రాసుకునేవారు. ఇదిగో, మీది కూడా ఉంది. చదువుకోండి, నేనీలోగా దీపం వెలిగిస్తాను."

ఎన్యోనం పుస్తకం అందుకుంది. అక్షరాలు చిన్నవి, నిదానమైనవి.

'కడిగి ఆరబెట్టాక పలకలు ఒకదాని పెట్టెలోకి ఇంకొకటి వెళ్లాయి; తెలుపు తప్పాక ఎరుపూ తప్పింది. ఆ అమ్మాయికి తెలియదు, తెలియనక్కర లేదు. వెనక నంబర్లు చూసి ఏ యంత్రం పలక దానికి ఇచ్చాను. యంత్రాలు మాత్రం పోయినేడు నేను సరిచేసి వదిలిన చోటే, వెంట్రుకవాసి కూడా కదలకుండా ఉన్నాయి.'