లాల్‌దర్వాజాలో హెచ్‌డీ లొల్లి

"ముప్పై ఛానెళ్లొస్తున్నయ్, నెలకు పైస కట్టేది లేదు. ఇంకేం గావాలె సాబ్ నీకు?" అన్నాడు రామ్‌చందర్.

"బొమ్మ కావాలి," అన్నాడు ఏడుకొండలు.

అదిగో, అక్కడ ముదిరింది లొల్లి.

లాల్‌దర్వాజాలో రామ్‌చందర్‌ది పాల వ్యాపారం. ఎదురింట్లో అద్దెకుండే ఏడుకొండలు గుంటూరు నుంచి వచ్చిన సర్కారీ గుమాస్తా. ఇద్దరికీ ఇరవై ఏళ్ల దోస్తీ. ఒకరు ఏది కొంటే రెండోవారూ అదే కొనాలి. అదే దుకాణంలో, అదే రంగులో! జోడుగా కొంటే బేరం బాగా తెగుతుందని రామ్‌చందర్ సిద్ధాంతం. గొడుగులు అలాగే కొన్నారు, కళ్లద్దాల ఫ్రేములు అలాగే కొన్నారు, చెప్పులు అలాగే కొన్నారు. కేబుల్ పీకించి, బిల్లు కట్టక్కర్లేని ఉచిత డిష్‌లు కూడా అలాగే కొని ఎదురెదురు డాబాల మీద బిగించుకున్నారు.

కొన్నాళ్లు బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. పేచీ అంతా ఛానెల్ దగ్గరే. రామ్‌చందర్‌కు పాత పాటలు కావాలి. ఏడుకొండలుకు వార్తలు కావాలి. రోజూ సాయంత్రం రిమోట్ కోసం పోట్లాడుకునేవారు, పోట్లాడుకుంటూనే చాయ్ తాగేవారు. ఆ పోట్లాట కోసమే రామ్‌చందర్ పొద్దంతా గేదెలతో వేగేవాడంటే నమ్మాలి.

ఒక ఆదివారం ఇద్దరూ కలిసి మల్లన్న దుకాణంలో క్షవరం చేయించుకుని, తలస్నానాలు చేసి, రామ్‌చందర్ ఇంట్లో టీవీ ముందు కూలబడ్డారు. బొమ్మ మసక.

"మొగులైందేమో," అన్నాడు రామ్‌చందర్. ఆకాశంలో మబ్బు తునక లేదు. పావురాలు వాలాయేమోనని డాబా ఎక్కాడు. పావురాలూ లేవు. డిష్‌ను కాస్త పక్కకు తిప్పి, "వచ్చిందా?" అని అరిచాడు.

"ఉన్నదీ పోయింది!" కింద నుంచి ఏడుకొండలు కేక.

రామ్‌చందర్ తన భార్య సుశీలమ్మను సాక్ష్యం అడిగితే, "నేనేమన్న సూస్తనా? కూరగాయలు కోసుకుంట చెవులతోనే ఇంట. మాటలైతే మంచిగనే ఇనబడుతున్నయ్," అంది.

ఏడుకొండలు ఇంటికి వెళ్లి తన టీవీ పెట్టుకున్నాడు. అదీ మసకే. ఇక హెచ్‌డీ పాట అందుకున్నాడు. ఆ మాట పేటలోకి అప్పుడప్పుడే వస్తోంది.

"ఉచితంగా వచ్చే బొమ్మ ఇలాగే ఏడుస్తుందండీ. లోకమంతా హెచ్‌డీ అంటోంది. మీ మాట విని కేబుల్ పీకించుకున్నాను చూడండి, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి!"

రామ్‌చందర్‌కు చురుక్కుమంది. రోజులే బాగాలేవనుకున్నాడు. పేపరు వాళ్లు సైతం సిరా దగ్గర కక్కుర్తి పడుతున్నారు, అక్షరాలు అలుక్కుపోయి వస్తున్నాయి. అన్నీ ఖరాబవుతుంటే ఈ మనిషి ఒక్క డిష్‌నే పట్టుకుని తిడతాడేం?

వారం తిరక్కుండా ఏడుకొండలు పలచటి కొత్త టీవీ కొన్నాడు. ఒక్కడే వెళ్లి కొన్నాడు. మాటమాత్రం చెప్పలేదు. ఆ పూట రామ్‌చందర్‌కు అన్నం సహించలేదు.

"రండి, చూసి తరించండి," అని పిలిచాడు ఏడుకొండలు. టీవీ వచ్చిన అట్టపెట్టెను కూడా పక్కనే నిలబెట్టాడు. దాని మీద హెచ్‌డీ అని బారెడు అక్షరాలు.

"చూశారా! ఆవిడ చెవిపోగులో రాళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

రామ్‌చందర్ కళ్లు చిట్లించాడు. "ఎవరామె?"

"వార్తలు చదివే అమ్మాయండీ."

"వార్తలా? క్రికెట్ అనుకున్న! ఏ చెవి పోగు సాబ్?"

ఏడుకొండలు తడబడ్డాడు. "రెండు చెవులవీనూ."

"ఝూటా మాటలు చెప్పకు. డిష్ ముఫత్‌ది పెట్టుకొని టీవీ మీద హెచ్‌డీ అని రాసుకుంటే అయితదా? నన్నిడిసిపెట్టి పోయి కొన్నవ్ గదా, గట్లనే గావాలె!"

"మీకు కుళ్లు!"

"నాకా కుళ్లు? ఇయ్యాల్టి సంది నీకు నాకు దోస్తీ కట్!"

ఆ కోపంలో గడప చూసుకోక బోర్లా పడబోయాడు రామ్‌చందర్.

తర్వాత ఎవరి చాయ్ వాళ్లు తాగారు. ఇప్పుడు రిమోట్ పూర్తిగా రామ్‌చందర్‌దే. ఎన్ని పాత పాటలు పెట్టుకున్నా అడ్డు చెప్పేవాడు లేడు. ఒక్క పాటా రుచించలేదు. దుప్పటి కప్పుకుని ఏడ్చాడు కూడా, కానీ తానే ముందు వెళ్లి పలకరించడానికి మాత్రం మనసొప్పలేదు.

చివరికి ఏడుకొండలే వచ్చాడు. చేతిలో సంచి.

"ఇదిగోండి మీ టార్చిలైటు, మీ సైకిల్ పంపు, మీ ఆవిడ ఇచ్చిన నెయ్యి గిన్నె. మలక్‌పేటలో ఇల్లు చూసుకున్నాను. రేపే ఖాళీ చేస్తున్నాను."

రామ్‌చందర్ సంచి అందుకున్నాడు. పోవద్దని నోటి దాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట. "మంచిది! నీ ఇస్త్రీ పెట్టె, నీ ఇడ్లీ పాత్ర గూడ తీస్కపో!" అవి తెచ్చి ముందు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే రామ్‌చందర్ కూతురు అమల గుమ్మంలో అడుగుపెట్టింది. లొల్లి సంగతి తల్లి ఫోన్‌లో చెప్పగానే పురానాపూల్‌లోని అత్తగారింటి నుంచి ఆటో ఎక్కి వచ్చేసింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"అయితే ఎవలివి వాళ్లకు ముట్టినయా?" అని అడిగింది.

"అన్నీ ముట్టినయ్ బిడ్డా," అన్నాడు రామ్‌చందర్.

"మీ నాన్నవి నా దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదమ్మా," అన్నాడు ఏడుకొండలు.

"మరి బోనాలకు వచ్చినప్పుడు నేను కాడకు నల్లదారం చుట్టిచ్చిన మా బాపు కళ్లద్దాలు మీ ముక్కు మీదున్నయేంది అంకుల్?" అంది అమల.